బరీటో కువాలా పనులకు వెళ్తున్న తెలుగు ఇంజినీర్లకు, వ్యవసాయ నిపుణులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఇండోనేసియాలో దక్షిణ కాలిమంతాన్ రాష్ట్రంలోని బరీటో కువాలా జిల్లాకు వరి, నీటిపారుదల, ఆయిల్ పామ్ పనుల మీద సలహాదారులుగా వెళ్లే మనవాళ్లందరికీ ఈ ఉత్తరం. మీ చదువునూ అనుభవాన్నీ మేం తక్కువ చేయడం లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పని నేర్చినవాళ్లకు మురుగు కాలువ పూడితే తవ్వించడం, నీళ్లు నిలిస్తే గండి కొట్టి పంపేయడం చేతికి అలవాటైన పని. ఆ అలవాటు అక్కడ పొలాన్ని చంపుతుంది. అందుకే మొదటి విన్నపం ముందే పెడుతున్నాం. మీరు అడుగుపెట్టిన మొదటి ఏడాది ఒక్క కాలువను కూడా లోతు చేయించకండి. గ్రామ పెద్ద అడిగినా, బడ్జెట్టు మురిగిపోతుందని పై అధికారి తొందరపెట్టినా సరే.

ఎందుకో చెప్పాలంటే నేల దగ్గర మొదలుపెట్టాలి.

బరీటో నది బోర్నియో నడిమధ్య కొండల్లో పుట్టి దాదాపు 900 కి.మీ. దక్షిణానికి పారి జావా సముద్రంలో కలుస్తుంది. ఆ చివరి భాగమే ఈ జిల్లా. వైశాల్యం సుమారు 3,000 చదరపు కి.మీ., జనాభా 3 లక్షల పైచిలుకు. తూర్పున బంజర్మసిన్ నగరం, బంజర్ జిల్లా. పడమట రాష్ట్ర సరిహద్దు దాటితే మధ్య కాలిమంతాన్‌కు చెందిన కపువాస్ జిల్లా. ముఖ్య పట్టణం మరబహాన్ సముద్రం ఒడ్డున లేదు, ఎగువన నెగారా నది వచ్చి బరీటోలో కలిసే చోట ఉంది. జిల్లాలో నేల ఎత్తు సముద్ర మట్టానికి 0.2 నుంచి 3 మీటర్లు, అంతే. కొండ లేదు, గుట్ట లేదు, వాలు అనేదే దాదాపు లేదు. అంచేత మీ లెవెలింగ్ సర్వేలో 10 సెం.మీ. తేడా వస్తే దాన్ని చిన్న పొరపాటు అనుకోవద్దు. అక్కడ 10 సెం.మీ. అంటే ఒక రకం భూమికీ ఇంకో రకం భూమికీ మధ్య గీత.

ధవళేశ్వరంలో 1852 నాటికి ఆనకట్ట లేచింది. నీళ్లను పైన నిలబెట్టి కిందికి వదిలితే పల్లం చూసుకుని అవే పోతాయి. బరీటో కువాలాలో అలా నిలబెట్టే చోటే లేదు. నీటిని పొలంలోకి నెట్టేది పోటు, లాగేది పాటు. ఒకే కాలువ కొన్ని గంటలు పంట కాలువ, కొన్ని గంటలు మురుగు కాలువ. పైగా మన బంగాళాఖాతం తీరంలో రోజుకు రెండు పోట్లు చూసి అలవాటైనవాళ్లు అక్కడ తికమక పడతారు. బరీటో ముఖద్వారం దగ్గర రోజుకు ఒక్క పోటుదే పెద్ద చేయి, రెండోది బలహీనం. రోజుకు రెండు సార్లు నీళ్లు మారతాయని లెక్కవేసి తూము వెడల్పు నిర్ణయిస్తే సగం నీళ్లు కూడా మారవు. కనీసం ఒక పక్షం రోజులు, అమావాస్య నుంచి పౌర్ణమి దాకా, గంట గంటకూ స్కేలు చదివించి అప్పుడు గీయండి డిజైను.

అక్కడి రైతులూ పరిశోధన కేంద్రాలూ భూమిని నాలుగు రకాలుగా విడదీస్తారు. ఈ విభజన నోటికి రాకుండా మాట్లాడితే మీ మాట ఎవరూ వినరు. ఎ రకం: అమావాస్య, పౌర్ణముల పెద్ద పోటుకూ, అష్టమి నాటి చిన్న పోటుకూ కూడా మునిగేది. బి రకం: పెద్ద పోటుకు మాత్రమే మునిగేది. సి రకం: పోటు పైకి రాదు కానీ లోపలి నీటిమట్టాన్ని ఎత్తుతుంది, దించుతుంది, ఆ నీరు 50 సెం.మీ. లోపే దొరుకుతుంది. డి రకం: పోటు పైకి రాదు, లోపలి నీరు 50 సెం.మీ. కంటే కిందికి పోతుంది. ఒకే గ్రామంలో నది గట్టు దగ్గర ఎ ఉండి, రెండు మూడు కి.మీ. లోపలికి వెళ్లేసరికి సి కావచ్చు. కాలువ లోతు చేస్తే, గేటు మార్చితే, రోడ్డు కట్టేస్తే రకం కూడా మారిపోతుంది. పాత మ్యాపులో బి అని ఉంటే ఈనాడూ బి అని నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ నేల కింద వేల ఏళ్ల నాటి మడ అడవుల బురద ఉంది. సముద్రపు నీటిలోని సల్ఫేటు, బురదలోని ఇనుము, కుళ్లిన ఆకులు కలిసి గాలి తగలని చోట పైరైట్ అనే ఖనిజంగా మారాయి. నీళ్లలో మునిగి ఉన్నంత కాలం అది ఎవరి జోలికీ రాదు. నీటిమట్టం ఆ పొర కంటే దిగి గాలి తగిలిందా, సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. పీహెచ్ 3.5 కంటే పడిపోతుంది, మట్టిలోని అల్యూమినియం, ఇనుము కరిగి వేళ్లను పట్టుకుంటాయి. వరి ఆకుల చివర్లు ముందు రాగి రంగుకు తిరిగి, కింది ఆకుల నుంచి ఎండుతూ వస్తుంది. తెగులు అనుకుని మందు కొట్టించేవాళ్లు ఉన్నారు. మందు డబ్బు దండగ.

సున్నం చల్లి సరిచేద్దాం అంటారా? లెక్క వేసి చూడండి. 1 శాతం పైరైట్ గంధకం ఉన్న ఒక టన్ను మట్టిలో పుట్టే ఆమ్లాన్ని పూర్తిగా విరిచేయాలంటే సుమారు 31 కిలోల సున్నపురాయి పొడి కావాలి. ఒక హెక్టారులో 10 సెం.మీ. మందం పొర దాదాపు 1,000 టన్నులు. అంటే ఆ ఒక్క పొరకే హెక్టారుకు 31 టన్నులు, ఎకరానికి పన్నెండున్నర టన్నులు. రైతు వేయగలిగేది హెక్టారుకు 1 నుంచి 2 టన్నులు, అదీ ప్రభుత్వం ఇస్తే. పైపొర పులుపును కాస్త తగ్గించడానికి ఆ సున్నం పనికొస్తుంది, కింది పొరను తవ్విపెట్టిన పాపాన్ని మాత్రం కడగలేదు. పైరైట్‌ను నీళ్ల కింద ఉంచడం ఒక్కటే చవకైన వైద్యం.

పొర ఎంత లోతులో ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సగం చీల్చిన గొట్టంలాంటి చేతి ఆగర్‌తో 2 మీటర్ల దాకా మట్టి తీయండి. బూడిద-నీలి రంగు మెత్తటి బురద, పిడికిట్లో పిండితే వేళ్ల సందుల్లోంచి జారిపోయేది కనిపిస్తే అనుమానించండి. ప్రతి 10 సెం.మీ.కు చిటికెడు మట్టి తీసి గాజు గిన్నెలో వేసి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. బుసబుసమని పొంగి, వేడెక్కి, చల్లారాక పీహెచ్ 2.5 కంటే తక్కువ చూపితే పైరైట్ ఉన్నట్టే. ఇక్కడ చాలామంది బోల్తా పడేది పొంగు చూసి తీర్పు ఇచ్చేయడం. పీట్ నేల, అంటే కుళ్లీ కుళ్లని ఆకులూ వేళ్లూ నిండిన నల్లమట్టి కూడా పొంగుతుంది. పొంగును వదిలేసి చివరి పీహెచ్ చూడండి. పెరాక్సైడ్‌కు కూడా సొంతంగా పులుపు ఉంటుంది, వాడే ముందు దాని పీహెచ్‌ను 5 దగ్గరకు సరిచేసుకోవాలి. మట్టిని ల్యాబుకు పంపాలనుకుంటే ప్లాస్టిక్ సంచిలో గాలంతా పిండేసి కట్టి చల్లగా ఉంచండి. ఎండలో రెండు రోజులు తిరిగిన మట్టి దారిలోనే ఆక్సీకరణం చెందుతుంది, అప్పుడు ల్యాబు చెప్పేది పొలం సంగతి కాదు, సంచి సంగతి.

పొర 50 సెం.మీ. లోపే ఉంటే అక్కడ యంత్రం దించే ఆలోచనే వద్దు. 50 నుంచి 100 సెం.మీ. మధ్య అయితే నీటిమట్టం మీద కాపలా పెట్టి పని చేయవచ్చు. 100 దాటితే కొంత ఊపిరి తీసుకోవచ్చు.

ఆగర్ చేతిలో లేనప్పుడు కళ్లతో చూసే గుర్తులు ఉన్నాయి. గట్టున తవ్విపోసిన మట్టిలో ఎండుగడ్డి పసుపు మచ్చలు కనిపిస్తే అది జరోసైట్, పైరైట్ అప్పటికే కాలిపోయిందని అర్థం. కాలువ నీరు అడుగు కనిపించేంత తేటగా, కాస్త నీలంగా మెరుస్తుంటే మురిసిపోకండి. కరిగిన అల్యూమినియం బురదను కిందికి దించేసింది, ఆ నీళ్లలో చేప ఉండదు. బురద రంగు నీరే ఆరోగ్యం. తుంగలాంటి పురున్ తికుస్ గుంపులుగా లేస్తే, దాని వెనకే గలామ్ చెట్లు మొలిస్తే, పులుపు తలకెక్కి వదిలేసిన భూమి అది. గలామ్ కర్రలను బంజర్మసిన్‌లో ఇళ్ల పునాదులకు దిగ్గొడతారు, మంచి గిరాకీ. పురున్‌తో చాపలు, బుట్టలు అల్లుతారు. అందుకని పురున్‌ను కలుపు అని పీకించేయకండి. ఇంకో మాట: వరి కాండం తొలిచే తెల్ల పురుగు తల్లి గుడ్లు పెట్టడానికి వరి కంటే పురున్ తికుస్ వైపే మొగ్గుతుంది. పొలం గట్టున కొంత ఉంచితే మేలు.

కాలువల చరిత్ర తెలియకుండా కాలువల మీద చేయి వేయకూడదు కనుక దాన్నీ చెప్పేస్తాం. అక్కడి బంజర్ జాతి రైతులు తమంతట తాము తవ్వుకున్న కాలువలు హందిల్‌లు. నది ఒడ్డు నుంచి లోపలికి 2, 3 కి.మీ. పొడవు, 2, 3 మీటర్ల వెడల్పు, లోతు మాత్రం అర మీటరు నుంచి ఒక మీటరు. ఆ లోతు చూసి వాళ్లకు తవ్వే బలం లేదనుకోకండి. అంతకంటే లోతు పోతే పొలం పుల్లబారుతుందని వాళ్లకు తెలుసు. హందిల్‌కు ఒక పెద్ద ఉంటాడు; ఏటా ఎవరు ఏ ముక్క శుభ్రం చేయాలో ఆయనే పంచుతాడు. ఇక డచ్చి పాలకులు 1860లో బంజర్ సుల్తాను రాజ్యాన్ని రద్దు చేశాక, 1880లలో అంజిర్ సెరపత్ అనే పెద్ద కాలువ తవ్వించారు. బరీటోను పడమట ఉన్న కపువాస్ నదితో కలిపే 28 కి.మీ. జలమార్గం అది. ఉద్దేశం పడవల రాకపోకలే. జనం మాత్రం దాని రెండు గట్ల మీదా ఇళ్లు కట్టి, లోపలికి హందిల్‌లు తవ్వి, అడవిని పొలం చేశారు. అంజిర్ పసార్, అంజిర్ మువారా అనే మండలాలు ఆ కాలువ పేరుతోనే నేటికీ ఉన్నాయి. దక్షిణాన అంజిర్ తంబన్ తర్వాత వచ్చింది. 1930లలో జావా నుంచి తెచ్చిన కుటుంబాలను తంబన్ ప్రాంతంలో దింపారు.

స్వాతంత్ర్యం తర్వాత వేగం పెరిగింది. 1969లో ప్రభుత్వం పోటు నేలలను వరి పొలాలుగా తెరిచే పథకం మొదలుపెట్టింది. కాలిమంతాన్‌లో, సుమత్రాలో కలిపి 50 లక్షల హెక్టార్లకు పైగా తెరవాలన్నది లక్ష్యం. దాని దరిదాపులకు కూడా చేరలేదు. బరంబై, బెలావాంగ్ వంటి చోట్ల జావా, బాలి కుటుంబాలకు తలా 2 హెక్టార్లకు కాస్త అటూ ఇటూగా ఇచ్చారు. కాలువల రూపాన్ని విశ్వవిద్యాలయాలు గీశాయి. బరీటో కువాలాకు దక్కింది ఫోర్కు ఆకారం: నది నుంచి ఒక పెద్ద కాలువ, అది చీలి రెండు మూడు కొమ్మలు, కొమ్మల చివర పోటు నీళ్లు నింపే చెరువు. పోటుకు చెరువు నిండి, పాటుకు ఆ నీళ్లు దూసుకొచ్చి కాలువను కడిగేస్తాయని కాగితం మీద లెక్క. జరిగింది వేరు. కాలువ పొడవు ఎక్కువై, పొలంలోంచి దిగిన పుల్లటి నీరు నది దాకా చేరేలోపే మళ్లీ పోటు వచ్చి దాన్నే వెనక్కి నెట్టేది. అదే నీరు రోజుల తరబడి ముందుకీ వెనక్కీ ఊగింది, బయటికి మాత్రం పోలేదు. చివరన ఉన్న చెరువుల్లోనే పులుపు పేరుకుంది. పైగా లోతైన కాలువలు ఎండాకాలంలో భూమి లోపలి నీటిని పీల్చేశాయి. బరంబైలో చాలా భూమిని వదిలేయాల్సి వచ్చింది. అలా పాడుపెట్టిన పొలాన్ని అక్కడ బొంగ్‌కోర్ అంటారు. మీరు ఆ మాట మాటిమాటికీ వింటారు.

ఇదంతా తెలిసి కూడా పక్క జిల్లాలో ఇంకా పెద్ద ఎత్తున అదే పని చేశారు. 1995 చివర్లో సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతాన్‌లో 10 లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి పొలం చేస్తామని 82వ నంబరు అధ్యక్ష ఉత్తర్వు ఇచ్చింది. 4,000 కి.మీ.కు పైగా కాలువలు తవ్వారు. నీళ్లు దిగిపోయి పీట్ ఎండింది, 1997 ఎల్‌నినో కరువులో నెలల తరబడి కాలింది, 1999లో 80వ నంబరు ఉత్తర్వుతో పథకాన్ని మూసేశారు. పీట్ పలచగా ఉన్న చోట అది కాలిపోతే కింద ఉన్న పైరైట్ బంకమట్టి నేరుగా పైకి తేలుతుంది. ఇంకేముంది, ఒక దెబ్బకు రెండు నష్టాలు.

బరీటో కువాలాలో ఇటీవలి ఉదాహరణ జెజంగ్‌కిట్ మండలం. 2018 అక్టోబరులో ప్రపంచ ఆహార దినోత్సవ జాతీయ వేడుక అక్కడ జరిగింది. ఎక్స్‌కవేటర్లు దించి చిత్తడి నేలను ఆదరాబాదరాగా పొలంగా తెరిచారు. 2021 జనవరి వరదల్లో అదే జెజంగ్‌కిట్ వారాల తరబడి నీళ్లలో ఉంది. వేడుక తేదీకి పొలం సిద్ధం కావాలని పని పెట్టుకుంటే నేల ఒప్పుకోదు. ఈ మాట మీ పై అధికారులకు మీరే చెప్పాలి, స్థానికులు మొహమాటానికి చెప్పరు.

ఇక వరి. అక్కడి రైతులు సియామ్ జాతి దేశవాళీ రకాలు పెట్టి, ఏడాదికి ఒకే పంట తీసి, హెక్టారుకు 2 నుంచి 3 టన్నులతో సరిపెట్టుకుంటారని మీ నివేదిక మొదటి పేజీలోనే రాసేస్తారు, మాకు తెలుసు. ఆ వాక్యం రాసేముందు వాళ్ల పంచాంగం చూడండి. అక్టోబరులో మెరక చోట పొడి నారుమడి, తరదక్. ఐదారు వారాలకు నారు పీకి తడి మడిలో గుంపులుగా నాటడం, అంపక్. మరో ఐదారు వారాలకు పొలంలో ఐదో వంతు మేర మళ్లీ పరచడం, లచక్. చివరికి మార్చి, ఏప్రిల్ నెలల్లో అసలు ఊడ్పు. కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో. హెక్టారుకు విత్తనం 5 కిలోలంత తక్కువ చాలు, ఎందుకంటే పిలకలు వేసి పెరిగిన దుబ్బునే చీల్చి చీల్చి నాటుతారు.

ఇన్నిసార్లు పీకి నాటడం ఛాదస్తం అనిపిస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా కురిసే వాన ఆ నాలుగైదు నెలల్లో పొలాన్ని కడుగుతుంది. ఎండాకాలంలో పుట్టిన ఆమ్లం ఆ వానతోనే పోవాలి. అప్పటిదాకా నారు మెరకన భద్రంగా ముదురుతుంది. ఊడ్చేనాటికి నడుము ఎత్తున ఉన్న నారుకు మోకాటి లోతు నీరు లెక్కకాదు, మిగిలిన ఇనుము కూడా ఓర్చుకుంటుంది. మీరు 21 రోజుల లేత నారును నవంబరులో దించితే అది సరిగ్గా విషం దిగే కాలానికి పొలంలో ఉంటుంది.

అలాగని రెండో పంట అసాధ్యం అనడం లేదు. మొదటి పంటగా అక్టోబరులో తక్కువ కాలపు రకం చాలా భాగంలో, మిగతా భాగంలో దేశవాళీ నారు పెంచుతూ, ఫిబ్రవరిలో మొదటిది కోసి రెండోది పరిచే పద్ధతి 1990ల నుంచి ఉంది. సావిత్ దుపా అంటారు. అది బి రకం భూమిలో, నీళ్లు మారే చోట పనిచేస్తుంది. దేశవాళీ సియామ్ ఉనుస్‌ను సంకరం చేసి 2000లో విడుదల చేసిన మర్గసారి, మర్తపుర రకాలు అందుకే పుట్టాయి. ఒక్క ఊళ్లో ఒక్క రైతు చేత చేయిస్తే మాత్రం ఓటమి ఖాయం: చుట్టూ పచ్చిక తప్ప ఏమీ లేని ఫిబ్రవరిలో ఒక్క చేను పండితే ఎలుకలూ పిట్టలూ అన్నీ అక్కడికే. ఒక హందిల్ మొత్తం ఒకే వారంలో వేస్తే తప్ప మొదలుపెట్టవద్దు. ఇంకోటి మార్కెట్టు. బంజర్ వాళ్లకు పొడిపొడిగా, గట్టిగా ఉండే అన్నమే అన్నం. మెత్తటి బియ్యం ఎంత పండినా అక్కడ ధర పలకదు. దిగుబడి పెంచి ఆదాయం తగ్గించామని తర్వాత తల పట్టుకోవాల్సి వస్తుంది.

దమ్ము గురించి. ట్రాక్టరుతో లోతు దుక్కి చేయించకండి. అక్కడి పనిముట్టు తాజక్: పొడవైన పిడికి బరువైన వంపు కత్తి. నిలబడి ఊపుతూ గడ్డిని నేల మట్టానికి కోస్తారు, మట్టిని తిరగెయ్యరు. కోసిన గడ్డిని నీళ్లలో నానబెట్టి, ఉండలు చుట్టి, కొన్ని వారాలకు ఉండలను తిప్పి, మెత్తగా కుళ్లాక పొలమంతా పరుస్తారు. ఎరువు కొనకుండా ఎరువు, గాలి తగలనివ్వకుండా పైరైట్‌కు కప్పు. కూలీ ఎక్కువ పడుతుంది, ఈ తరం పిల్లలు చేయడం లేదు అన్నది నిజం. అందుకు జవాబుగా గడ్డి కోసే తేలిక యంత్రం, పైపైన 10, 15 సెం.మీ.కు మించని రోటరీ వెతకాలి. డిస్కు నాగలి కాదు.

గేట్ల దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఎ, బి భూముల్లో నీళ్లు వచ్చే కాలువ వేరు, పోయే కాలువ వేరు ఉండాలి. వచ్చే చోట లోపలికి మాత్రమే తెరుచుకునే రెక్క గేటు, పోయే చోట బయటికి మాత్రమే తెరుచుకునేది. అప్పుడు నీరు ఒకే దిక్కుకు తిరిగి పొలాన్ని కడుగుతుంది. పొలం లోపల 6 నుంచి 12 మీటర్లకు ఒకటి చొప్పున 30 సెం.మీ. వెడల్పు, 20 నుంచి 30 సెం.మీ. లోతు బోదెలు తీస్తే పులుపు త్వరగా దిగుతుంది. సి భూమికి కావాల్సింది తబత్, అంటే పలకలు పేర్చి నీళ్లు ఆపే అడ్డుకట్ట. దాన్ని ఎప్పుడు మూయాలి అన్నదే విద్య. తొలకరి వానల నీరు అన్నిటికంటే పుల్లన; మొదటి రెండు నుంచి నాలుగు వారాల నీరంతా బయటికి పోనివ్వాలి. ఆ తర్వాతే మూయడం. మొదటి వానకే నీళ్లు దాచుకోవాలని ఆత్రపడి మూసేస్తే విషాన్ని దాచుకున్నట్టే. వానలు ముగిసే ముందు పలకలు పూర్తి ఎత్తుకు వేసి ఎండాకాలమంతా నీటిమట్టం పైరైట్ పొర మీదనే ఉండేలా కాపాడాలి. తబుంగానెన్ లాంటి సముద్రం పక్క మండలాల్లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పోటుతో ఉప్పునీరు ఎగబాకుతుంది, అప్పుడు లోపలికి తెరుచుకునే గేటును కట్టి ఉంచాలి.

ఇనుప గేటును ఆ నీళ్లు కొన్నేళ్లకే తినేస్తాయి. ఉలిన్ కర్ర గట్టిది, ఖరీదైనది, దొరకడం కష్టమవుతోంది, అయినా పలకలకు దానికి సాటి లేదు. పడవ దారి మరిచారా, మీ గేటు ఆరు నెలలు కూడా నిలవదు. ధాన్యం, నారు, మనుషులు అన్నీ జుకుంగ్ అనే చిన్న పడవల మీదే కదులుతాయి. దారి మూసేసిన గేటును రైతులు పీకేస్తే తప్పు వాళ్లది కాదు. పడవ జారేందుకు పక్కన ఏటవాలు చెక్క మెట్టు పెట్టించండి, లేదా పలకలను ఒక్క మనిషి ఎత్తగలిగేలా చేయించండి.

ఎవరిని అడగాలి అన్నది మరో పెద్ద చిక్కు. జిల్లా 1959 నాటి 27వ చట్టంతో ఏర్పడింది, 1960 జనవరి 4 ఆవిర్భావ దినం. 17 మండలాలు, కింద 195 దేసాలు (ఊళ్లు), 6 కెలురాహన్‌లు (పట్టణ వార్డులు). జిల్లాను నడిపే బుపతిని మన కలెక్టరు అనుకుని మాట్లాడకండి. ఆయన ఓట్లతో గెలిచిన నాయకుడు, ఎన్నికల ఏడాదిలో ఎక్స్‌కవేటర్ పని ఆయనకు ముఖ్యమే. మండలం చూసే చమత్ మాత్రం నియమించిన అధికారి. దేసా పెద్దను ఊరు ఎన్నుకుంటుంది, 2024 చట్ట సవరణతో ఆయన గడువు 6 నుంచి 8 ఏళ్లయింది. కెలురాహన్‌ను చూసే లూరాను ప్రభుత్వం వేస్తుంది. దేసాకు 2014 చట్టం వల్ల కేంద్రం నుంచి నేరుగా నిధులు వస్తాయి, చిన్న తబత్ బాగుచేయడానికి అవే దారి.

నీటి అధికారం ఈ మెట్లతో కలవదు. 1,000 హెక్టార్ల లోపు ఆయకట్టు జిల్లాది, 1,000 నుంచి 3,000 రాష్ట్రానిది, 3,000 దాటినా, రాష్ట్ర సరిహద్దు దాటినా కేంద్రానిది. అంజిర్ సెరపత్ రెండు రాష్ట్రాల మధ్య పారుతుంది కాబట్టి దాని మీద జిల్లా ఇంజినీరు సంతకం సరిపోదు, కేంద్రం నది కార్యాలయం కావాలి. దానిలోకి తెరుచుకునే ద్వితీయ కాలువ ఒకరిది, తృతీయ కాలువ రైతులది, గేటు ఇంకొకరిది. పెద్ద కాలువను ఒక శాఖ తవ్వేసి వెళ్తుంది, దానికి కావాల్సిన చిన్న గేట్లకు ఇంకో శాఖ దగ్గర ఆ ఏడాది డబ్బు ఉండదు. ఫలితం ఒకటే: నీళ్లు లాగేసే కాలువ ఉంటుంది, ఆపే గేటు ఉండదు. ఈ ఒక్క కారణంతో పాడైన భూమే ఎక్కువ అని మా అభిప్రాయం. హందిల్ పెద్దకు ఏ కాగితం మీదా అధికారం లేదు, పొలంలో మాత్రం ఆయన మాటే చెల్లుతుంది. ఆయన్ని సమావేశంలో ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఆయిల్ పామ్ నిపుణులకు రెండు మాటలు. దేశంలో పామ్ సాగులో ముందున్నది ఆంధ్ర, కాకినాడ రేవులో దిగే ముడి పామాయిల్‌లో ఇండోనేసియా సరుకూ ఉంది, కాబట్టి మనవాళ్లు అక్కడ పనికి పోవడం వింత కాదు. కానీ ఏలూరు మెరకల్లో డ్రిప్పుతో తడిపిన చెట్టు వేరు. అక్కడ చెట్టుకు నీరు 50 నుంచి 70 సెం.మీ. కిందికి దించాలని తోట అడుగుతుంది, పక్క వరి చేను నీరు పైన ఉండాలని అడుగుతుంది. పీట్ భూమిలో నీరు 40 సెం.మీ. కంటే దిగకూడదని 2014 నాటి 71వ ప్రభుత్వ నిబంధన, 2016 సవరణతో, చెబుతోంది. తోట చుట్టూ కట్ట వేసి వాన నీరు బయటికి తోడితే అది పక్క ఊరి పొలంలోకే పోతుంది. మీ డిజైనులో తోట సరిహద్దు దగ్గర ఆగిపోయే గీత గీయకండి. ఆ నీరు నది చేరేదాకా గీయండి.

బత్తాయి, నారింజ లాంటి తోట పంట వేయించదలిస్తే అక్కడి సుర్జన్ పద్ధతి బాగుంది: పల్లంలో వరి, ఎత్తు చేసిన వరసల మీద సియామ్ నారింజ. మొదట చెట్టుకొక మట్టి దిబ్బ పోసి, ఏటా కొంచెం కలుపుతూ పోతే కొన్నేళ్లకు వరస అవుతుంది. ఒకేసారి యంత్రంతో పోయిస్తే కింద ఉండాల్సిన నీలి బురద నెత్తిన కూర్చుంటుంది, ఆ వానాకాలమే చెట్టు ఎండుతుంది. పైమట్టిని విడిగా తీసి పక్కన పెట్టి, బురద అడుగున వేసి, పైమట్టిని మళ్లీ పైన కప్పించండి.

మీ కాంట్రాక్టులో సంతకం పెట్టే ముందు నాలుగు కాగితాలు అడగండి: పెద్ద, చిన్న పోట్లు రెండూ కలిపిన నీటిమట్టం రికార్డు, 10 సెం.మీ. కచ్చితత్వంతో నేల ఎత్తు మ్యాపు, పైరైట్ లోతు మ్యాపు, ప్రతి కాలువా ప్రతి గేటూ ఎవరి కింద ఉందో చెప్పే జాబితా. నాలుగోది ఏ కార్యాలయంలోనూ తయారుగా దొరకదు, మీరే రాయించాలి. రెండు నెలలు పడుతుంది. కాంట్రాక్టులో ఆ రెండు నెలలకు జీతం రాయించుకోండి. ఆగర్ ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, పెరాక్సైడ్ మాత్రం విమానంలో ఎక్కనివ్వరు, బంజర్మసిన్‌లో రసాయనాల కొట్టులో కొనుక్కోండి.

ఇట్లు,
చిత్తడి నేలల నీటి నిర్వహణ మీద పనిచేసే మీవాళ్లు కొందరు